కదిలే పేరుపలక: అక్షరం చెదరకుండా తయారుచేసుకొనే విధానం

పుట్టినరోజులకు, పండుగలకు, బడి వార్షికోత్సవాలకు పిల్లల పేర్లతో రంగురంగుల పేరుపలకలు తయారుచేసి సెల్‌ఫోన్లలో పంపుకోవడం నేడు పల్లెలకు కూడా చేరిన వేడుక. పేరులోని అక్షరాలు ఒక్కొక్కటిగా ప్రత్యక్షమవుతూ ఉంటే, వాటితోపాటు చుక్కలు వెలుగుతూ ఉంటే పిల్లలు మురిసిపోతారు. ఇందుకోసం పట్టణంలోని ఫోటో స్టూడియోకు వెళ్లి డబ్బు చెల్లించవలసిన పనిలేదు. ఇంట్లోనో బడిలోనో ఒక సాధారణ కంప్యూటర్ ఉంటే చాలు. ఉచితంగా లభించే ‘గింప్’ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో కొద్దిపాటి శ్రద్ధ ఉన్నవారెవరైనా దీనిని తయారుచేసుకోవచ్చు.

అయితే సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాలకు ఈ పలక వేడుక మాత్రమే కాదు. హోసూరు, పావగడ, బళ్లారి, రాయగడ, పర్లాకిమిడి, సిరోంచ వంటి ప్రాంతాలలో ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, బడిలో లిపి వేరు. హాజరుపట్టీలోనూ మార్కుల జాబితాలోనూ బిడ్డ పేరు ఆ రాష్ట్ర లిపిలోనో ఆంగ్లంలోనో ఉంటుంది. తన పేరు తెలుగులో ఎలా ఉంటుందో చూసే సందర్భమే ఆ బిడ్డకు అరుదు. అటువంటి బిడ్డ మొదటిసారి శ్రద్ధగా చూసే తెలుగు మాట తన పేరే కావచ్చు. అది తప్పుగా ఉంటే ఆ తప్పే కంటికి అలవాటవుతుంది. అందమైన పలక మీద ఉన్న తప్పును నలుగురూ మెచ్చుకొని మరో నలుగురికి పంపుతారు. కనుక ఈ పనిలో పాటించవలసిన వరుస ఒకటున్నది: ముందు అక్షరం, తరువాత అలంకారం, ఆపైన కదలిక.

పేరును ముందుగా సరిచూసుకోవాలి

బడి రికార్డులో ఉన్న పేరును చూసి తెలుగులో రాసుకుంటే చాలునని అనుకోవడం సహజం. కానీ ప్రతి లిపికీ తనదైన స్వభావం ఉంటుంది. ఒక లిపిలో సరిగా ఉన్న పేరు అక్షరానికి అక్షరంగా మరొక లిపిలోకి మార్చినప్పుడు చెదిరిపోతుంది.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగింటికీ ఒకే అక్షరం. అలాగే ప, ఫ, బ, భ లకు ఒకటే, త, థ, ద, ధ లకు ఒకటే. తమిళులు సందర్భాన్నిబట్టి సరిగానే చదువుకుంటారు. కానీ ఆ లిపి మాత్రమే వచ్చిన పిల్లవాడు ‘భారతి’ అనే పేరును తెలుగులో ‘పారతి’ అనో ‘బారది’ అనో రాసే అవకాశం ఉన్నది. ‘సుబ్బమ్మ’ అక్కడ ‘సుప్పమ్మ’గా కనబడుతుంది.

మరాఠీ రాసే దేవనాగరిలోనూ, ఒడియా లిపిలోనూ ఎ, ఏ లకు భేదం చూపే అక్షరాలు వాడుకలో లేవు; ఒ, ఓ లకు కూడా అంతే. కాబట్టి ‘కొండయ్య’ కాస్తా ‘కోండయ్య’ అవుతాడు, ‘పెద్దిరాజు’ ‘పేద్దిరాజు’ అవుతాడు. ఒడియాలో వ, బ లను తరచుగా ఒకే అక్షరంతో రాస్తారు గనుక ‘వేణు’, ‘బేణు’ల మధ్య తేడా కాగితం మీద కనబడకపోవచ్చు.

ఆంగ్ల అక్షరాలతో చిక్కు మరొక రకం. త, ట లకు ఒకటే అక్షరం. న, ణ లకు ఒకటే. ల, ళ లకు ఒకటే. యానాంలోనూ, గోదావరి తీరంలోనూ వినబడే ‘తాతారావు’ అనే పేరును ఆంగ్లంలో చూసి తెలియనివారు ‘టాటారావు’ అని చదివితే తప్పు వారిది కాదు.

కన్నడ లిపితో ఈ లోటు లేదు. హ్రస్వ దీర్ఘాలు, ఒత్తులు, ణ, ళ లు అన్నీ అక్కడ ఉన్నాయి. అక్కడి చిక్కు పోలికవల్ల వచ్చేది. గ, ద, న, ల వంటి అక్షరాలు రెండు లిపులలోనూ దాదాపు ఒకే విధంగా ఉంటాయి. టైపు చేసేటప్పుడు కీబోర్డు కన్నడలో ఉండిపోతే వెంటనే కనిపెట్టడం కష్టం.

కాబట్టి పలక మొదలుపెట్టే ముందు పేరును ఇంట్లోని పెద్దల చేత పలికించి, తెలుగు చదవగలవారి చేత కాగితం మీద రాయించుకోవాలి. పాత పెళ్లి శుభలేఖలు, ఇంటి దస్తావేజులు, పంచాంగం అంచున తాతగారు రాసిపెట్టిన జనన వివరాలు ఇందుకు చక్కగా ఉపకరిస్తాయి. ముఖ్యంగా శ, ష, స లలో ఏది, న, ణ లలో ఏది, ల, ళ లలో ఏది, ఒత్తు ఉన్నదా లేదా అనే నాలుగు సంగతులు తేల్చుకుంటే పేరు సరిగా నిలిచినట్లే.

యూనికోడ్, ఫాంట్లు

కంప్యూటర్‌లో తెలుగు రాయడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. పాత డీటీపీ పద్ధతిలో ఆంగ్ల అక్షరాల స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలను అమర్చి ఫాంటును తయారుచేసేవారు. ఆ ఫాంటు లేని మరొక కంప్యూటర్‌లో ఆ ఫైలును తెరిస్తే తెలుగు పోయి అర్థంలేని ఆంగ్ల అక్షరాలు మిగులుతాయి. రెండవది యూనికోడ్. ఇందులో ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగుకు 128 స్థానాల పట్టిక కేటాయించారు. ఆ పట్టిక ముగిసిన మరుసటి స్థానం నుంచే కన్నడ పట్టిక మొదలవుతుంది. అక్కడ కూడా ఇద్దరూ ఇరుగుపొరుగులే!

పేరుపలకకు తప్పనిసరిగా యూనికోడ్ ఫాంటునే వాడాలి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభించే తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి. దిట్టమైన శీర్షికలకు ‘రామభద్ర’, చేతిరాతను తలపించే ‘లక్కిరెడ్డి’, అలంకార శీర్షికలకు ‘రవిప్రకాష్’, నిండైన సాదా అక్షరాలకు ‘మండలి’ అనువుగా ఉంటాయి. వీటితోపాటు ‘గిడుగు’ అనే ఫాంటు కూడా ఉన్నది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) పేరును దానికి పెట్టారు. ఆయన ఉపాధ్యాయుడుగా పనిచేసిన పర్లాకిమిడి 1936 నుంచి ఒడిశాలో ఉన్నది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. సరిహద్దు బడిలో ఆ రోజున పిల్లల పేర్లను ఆ ఫాంటులో రాసి చూపడం సముచితంగా ఉంటుంది.

ఫాంటు ఫైలును దిగుమతి చేసుకొని దానిమీద రెండుసార్లు క్లిక్ చేస్తే ‘ఇన్‌స్టాల్’ అనే బొత్తాం కనబడుతుంది. దానిని నొక్కిన తరువాత గింప్‌ను మూసి మళ్లీ తెరవాలి.

గింప్ ఎందుకు?

గింప్ అనేది 1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్, మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా డబ్బు చెల్లించకుండా వాడుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది. 2025 మార్చిలో దీని 3.0 సంచిక వెలువడింది. తెలుగు యూనికోడ్ అక్షరాలకు ఒత్తులు, గుణింతపు గుర్తులు తగిన చోట అమర్చి చూపగలగడం మనకు ముఖ్యమైన సంగతి.

ఫోటోషాప్ వాడేవారు అందులో భారతీయ లిపులకు తగిన అమరిక ఉన్నదో లేదో చూసుకోవాలి. ఆ అమరిక లేకపోతే ఒత్తు కిందికి దిగక, పొల్లు పక్కన నిలిచి, పేరు ముక్కలై కనబడుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ముందుగా ‘శ్రీకృష్ణ’ అని టైపు చేసి చూడాలి. అది సరిగా వస్తే ముందుకు సాగవచ్చు. రాకపోతే అలంకారాలమీద శ్రమపడడం వృథా.

బొమ్మ ఎలా కదులుతుంది?

సినిమా రీలులో బొమ్మలు వరుసగా ఉన్నట్లే కదిలే పలకలోనూ కొన్ని నిశ్చల చిత్రాలు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ఒక్కొక్క చిత్రాన్ని ‘ఫ్రేమ్’ అంటారు. వీటన్నిటినీ ఒకే ఫైలులో భద్రపరిచే పద్ధతులలో పాతది, ప్రసిద్ధమైనది ‘జిఫ్’. దీనిని కంప్యూసర్వ్ అనే అమెరికా సంస్థ 1987లో ప్రవేశపెట్టింది. ఒక్కొక్క చిత్రం ఎంతసేపు నిలవాలో చెప్పే ఏర్పాటు 1989 నాటి సంచికలో వచ్చింది. ఆ కాలాన్ని సెకనులో నూరవ వంతు లెక్కన కొలుస్తారు.

జిఫ్ పద్ధతికి రెండు పరిమితులు ఉన్నాయి. ఒక ఫ్రేములో 256 రంగులకు మించి ఉండవు. కనుక ఫోటోలు, మెల్లగా మారే రంగుల ఛాయలు మచ్చలుగా, చారలుగా కనబడతాయి. పసుపు, కుంకుమ, ఆకుపచ్చ వంటి నిండు రంగులు చక్కగా వస్తాయి. ఇక పారదర్శకత విషయంలో ఒక చుక్క పూర్తిగా కనబడడమో పూర్తిగా కనబడకపోవడమో తప్ప సగం కనబడడం అనేది లేదు. అందువల్ల నేపథ్యం లేని అక్షరాల అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. అక్షరాన్ని నేపథ్యంతో కలిపేస్తే ఈ లోపం కనబడదు.

అక్షరం అంటే ఏది?

పలక తయారీలో అందరూ పొరబడే చోటు ఇదే. ఆంగ్లంలో ఒక్కొక్క అక్షరాన్ని కనబరచడం సులభం. ఒకసారి మీట నొక్కితే ఒక అక్షరం. తెలుగు అలా కాదు. హల్లు, దాని కింది ఒత్తు, దానిపై గుణింతపు గుర్తు కలిసి ఒక అక్షరం. కంప్యూటర్ మాత్రం వీటిని వేరువేరు సంఖ్యలుగా లెక్కిస్తుంది.

ఉదాహరణకు ‘కృష్ణవేణి’ అనే పేరును తీసుకొందాము. మహారాష్ట్రలోని మహాబలేశ్వరంలో పుట్టి, కర్ణాటక మీదుగా తెలుగు నేలకు వచ్చే నది పేరు గనుక సరిహద్దు ప్రాంతాల ఆడపిల్లలకు ఇది తగిన పేరే. ఈ పేరులో చదివేవారికి నాలుగు అక్షరాలు: కృ, ష్ణ, వే, ణి. కంప్యూటర్ లెక్కలో మాత్రం తొమ్మిది: క, వట్రుసుడి, ష, పొల్లు, ణ, వ, ఏత్వం, ణ, గుడి.

యంత్రం లెక్క ప్రకారం ఒక్కొక్కటిగా కనబరిస్తే తెరమీద వరుసగా క, కృ, కృష, కృష్, కృష్ణ, కృష్ణవ, కృష్ణవే, కృష్ణవేణ, కృష్ణవేణి అని వస్తాయి. ఈ తొమ్మిదింటిలో క, కృష, కృష్, కృష్ణవ, కృష్ణవేణ అనే ఐదు రూపాలూ ఆ పేరును పలికే క్రమంలో ఎక్కడా లేనివి. అమ్మ బిడ్డను పిలిచేటప్పుడు ‘కృష’ అని ఆగి, ఆ తరువాత ‘ష్ణ’గా దిద్దుకోదు. తెలుగు నేర్చుకొంటున్న బిడ్డకు ఈ మధ్య రూపాలు గందరగోళం కలిగిస్తాయి. కాబట్టి నాలుగు అక్షరాలకు నాలుగే ఫ్రేములు ఉండాలి: కృ, కృష్ణ, కృష్ణవే, కృష్ణవేణి. ఇలా చేస్తే పలక బిడ్డకు పేరును పలికి చూపినట్లు ఉంటుంది. అలంకారంతోపాటు చదువు కూడా అబ్బుతుంది.

ఇందులో మరి రెండు మెలకువలు ఉన్నాయి. సున్నను దాని ముందున్న అక్షరం నుంచి విడదీయరాదు. ‘శంకర్’లో మొదటి ఫ్రేము ‘శం’ కావాలి గాని ‘శ’ కారాదు. ‘రాజ్‌కుమార్’ వంటి పేర్లను ఏకబిగిన టైపు చేస్తే జ కింద క ఒత్తు చేరి ‘రాజ్కుమార్’ అవుతుంది. దానిని తప్పించడానికి ‘రాజ్’ను ఒక పాఠంగాను ‘కుమార్’ను మరొక పాఠంగాను వేరువేరుగా టైపు చేసి పక్కపక్కన చేర్చడం సులభమైన మార్గం.

తయారీ క్రమం

మొదటి మెట్టు: ఖాళీ పలక. గింప్‌లో ‘ఫైల్’ జాబితాలో ‘న్యూ’ ఎంచుకొని, వెడల్పు 800, ఎత్తు 300 పిక్సెళ్లుగా ఇవ్వాలి. సెల్‌ఫోనులో చదవడానికి ఈ కొలత సరిపోతుంది.

రెండవ మెట్టు: నేపథ్యం. బకెట్ బొమ్మ ఉన్న పనిముట్టుతో లేత పసుపు రంగు నింపాలి. అంచుల వెంట కుంకుమ రంగు పట్టీ, పైన ఆకుపచ్చని మామిడాకుల తోరణం, మూలల్లో ముగ్గు చుక్కలు కుంచె పనిముట్టుతో వేసుకోవచ్చు. గడపకు పసుపు కుంకుమలు పెట్టిన పోలిక రావడమే కాక, రంగులు తక్కువ గనుక ఫైలు కూడా చిన్నదవుతుంది. అక్షరాలు వచ్చే నడిమి భాగంలో మాత్రం ఏ బొమ్మా ఉండరాదు. అక్షరాల కింద ఒత్తులకు చోటు వదలడం మరువరాదు.

మూడవ మెట్టు: పేరు. ఫోనులోగాని నోట్‌ప్యాడ్‌లోగాని పేరును టైపు చేసి, కాగితం మీది పేరుతో సరిచూసుకొని, కాపీ చేయాలి. గింప్‌లో ‘టెక్స్ట్’ పనిముట్టును ఎంచుకొని పలకమీద క్లిక్ చేసి అక్కడ అతికించాలి. ఫాంటు ‘రామభద్ర’, పరిమాణం సుమారు 120 పిక్సెళ్లు, రంగు ముదురు ఎరుపు, అమరిక ఎడమవైపుకు ఉండాలి. పేరును పలక మధ్యకు జరిపి అక్కడ స్థిరపరచాలి. ఒక అక్షరం మాత్రం మిగిలినవాటికన్నా సన్నగానో లావుగానో కనబడితే, అది పొరుగు లిపి కీబోర్డుతో పడిన అక్షరమని గ్రహించి దానిని తొలగించి మళ్లీ టైపు చేయాలి.

నాలుగవ మెట్టు: ప్రతులు. ‘లేయర్’ జాబితాలోని ‘డూప్లికేట్ లేయర్’తో పేరు పొరకు మూడు ప్రతులు తీయాలి. ఒకదానిలో చివరి అక్షరాన్ని, మరొకదానిలో చివరి రెండింటిని, మూడవదానిలో చివరి మూడింటిని తొలగించాలి. తొలగింపు మీటను ఒకసారి నొక్కితే ‘ణి’లోని గుడి మాత్రమే పోయి ‘ణ’ మిగలవచ్చు. అక్షరం పూర్తిగా పోయేవరకు నొక్కాలి. ఎడమ అమరిక ఇచ్చాము గనుక మిగిలిన అక్షరాలు తమ చోటు నుంచి కదలవు.

ఐదవ మెట్టు: రెండవ లిపి. ఇదే పేరును ఆ రాష్ట్ర లిపిలో టైపు చేసి మరొక పొరగా చేర్చుకోవచ్చు. ఇందుకు ఆ లిపికి చెందిన యూనికోడ్ ఫాంటు కావాలి. దీని ప్రయోజనం కింద వివరంగా చెప్పబడుతుంది.

ఆరవ మెట్టు: పొరల కలయిక. నేపథ్యానికి ఐదు ప్రతులు తీయాలి. అసలుతో కలిపి ఆరు అవుతాయి. అన్నిటికన్నా అడుగున ఉన్న పొర మొదట కనబడుతుందనేది గింప్ నియమం. కాబట్టి అట్టడుగున ఖాళీ నేపథ్యం ఉండాలి. దానిపైన ఒక నేపథ్యం, దానిపైన ‘కృ’. మళ్లీ ఒక నేపథ్యం, దానిపైన ‘కృష్ణ’. ఇలా చివరి వరకు పేర్చాలి. ఆపైన ఒక్కొక్క పేరు పొరమీద కుడి క్లిక్ చేసి ‘మెర్జ్ డౌన్’ అంటే అది తన కింది నేపథ్యంతో కలిసిపోతుంది. చివరకు ఆరు పొరలు మిగులుతాయి. కలిపిన తరువాత అక్షరాలను దిద్దడం కుదరదు గనుక, కలపడానికి ముందే ఫైలును గింప్ సొంత పద్ధతిలో ఒకసారి భద్రపరచుకోవాలి.

అలంకారం కావాలనుకొన్నవారు ఈ దశలో పేరుపైన చుక్కలు చేర్చవచ్చు. ‘కృ’ వచ్చినప్పుడు ఒక చుక్క, ‘కృష్ణ’ వచ్చినప్పుడు రెండు, ఇలా పూర్తి పేరుకు నాలుగు. ఎన్ని అక్షరాలో అన్ని చుక్కలు గనుక చూసే బిడ్డ లెక్కపెట్టుకొంటాడు.

ఏడవ మెట్టు: కాలం. పొర పేరుమీద రెండుసార్లు క్లిక్ చేసి, పేరు చివర కుండలీకరణాలలో 400 సంఖ్యను, దానిని ఆనుకొని ‘ఎం’, ‘ఎస్’ అనే చిన్న ఆంగ్ల అక్షరాలను రాస్తే ఆ ఫ్రేము 400 మిల్లీసెకన్లు నిలుస్తుంది. మొదటి నాలుగు ఫ్రేములకు 400 చొప్పున, పూర్తి పేరు ఉన్న ఫ్రేముకు 2500, రెండవ లిపి ఫ్రేముకు 2500 ఇస్తే మొత్తం ఆవర్తనం 6.6 సెకన్లు అవుతుంది. పూర్తి పేరు ఎక్కువసేపు నిలవడం అవసరం. నెమ్మదిగా చదివే అవ్వకు కూడా అందాలి కదా.

ఎనిమిదవ మెట్టు: పరీక్ష, ఎగుమతి. ‘ఫిల్టర్స్’ జాబితాలో ‘యానిమేషన్’, అందులో ‘ప్లేబ్యాక్’ ఎంచుకొంటే పలక కదలికను చూడవచ్చు. తృప్తిగా ఉంటే ‘ఫైల్’లో ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’ నొక్కి, ఫైలు పేరు చివర చుక్క పెట్టి జిఫ్ అని ఆంగ్లంలో రాయాలి. వచ్చే పెట్టెలో ‘యాజ్ యానిమేషన్’ అనేదానికి తప్పక టిక్ పెట్టాలి; లేకపోతే కదలని బొమ్మ మాత్రమే వస్తుంది. ‘లూప్ ఫరెవర్’కు టిక్ పెడితే పలక ఆగకుండా తిరుగుతుంది, పెట్టకపోతే ఒకసారి ఆడి చివరి ఫ్రేము వద్ద నిలిచిపోతుంది.

ఒకే పలకపై రెండు లిపులు

సరిహద్దు ఇంటి బిడ్డకు రెండు లిపులూ కావలసినవే. చదువు, ఉద్యోగం, కార్యాలయాల వ్యవహారం ఆ రాష్ట్ర భాషలో నడుస్తాయి. దానిని శ్రద్ధగా నేర్వవలసినదే. ఒక లిపిని నిలబెట్టుకోవడానికి మరొకదానిని తక్కువ చేయనవసరం లేదు. కదలని పలకమీద రెండు లిపులు రాస్తే చోటు చాలక రెండూ చిన్నవైపోతాయి. కదిలే పలకలో ఆ ఇబ్బంది లేదు. తెలుగు పేరు నిండుగా నిలిచి, తరువాత అదే చోట కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో నిండుగా నిలుస్తుంది. బడిలో తోటి పిల్లలు తమ లిపిలో చదువుకొంటారు. ఆ వెంటనే వచ్చే తెలుగు రూపం ఏమిటని అడుగుతారు. చెప్పగలిగిన బిడ్డకు అది గర్వకారణం.

ఇలా పక్కపక్కన చూసినప్పుడు లిపుల తేడాలు కూడా బోధపడతాయి. తమిళంలో వట్రుసుడి లేదు గనుక ‘కృష్ణవేణి’ అక్కడ ‘కిరుష్ణవేణి’ అనే వర్ణక్రమంతో ఉంటుంది. కన్నడంలో నాలుగు అక్షరాలూ తెలుగుతో సరిగ్గా జోడీ కుదురుతాయి. పై తరగతుల పిల్లలకు దీనినొక పాఠంగా చెప్పవచ్చు.

కంటికి, పిల్లల భద్రతకు సంబంధించిన జాగ్రత్తలు

మెరుపులు ఎక్కువగా ఉంటే పలక గొప్పగా ఉంటుందనే భావన సరికాదు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ప్రసారమైన ‘పోకెమాన్’ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు అతివేగంగా మారిమారి మెరవడంతో 600 మందికి పైగా ప్రేక్షకులు, ముఖ్యంగా పిల్లలు, ఆసుపత్రుల పాలయ్యారు. మూర్ఛ స్వభావం ఉన్నవారికి ఇటువంటి వెలుగులు ప్రమాదకరం. ఏ వెలుగూ సెకనుకు మూడుసార్లకు మించి మెరవరాదన్నది వెబ్ పేజీల తయారీలో అంతర్జాతీయంగా పాటించే నియమం. పైన చెప్పిన 400 మిల్లీసెకన్ల నిదానంలో, నేపథ్యం మారకుండా అక్షరాలు మాత్రమే చేరే పద్ధతిలో ఈ భయం లేదు.

పలకమీద పేరు మాత్రమే ఉండాలి. పుట్టిన తేదీ, బడి పేరు, ఊరు, ఫోను నంబరు, ఫోటో చేర్చి నలుగురికీ పంపడం మంచిది కాదు. ఒకసారి చేయిదాటిన బొమ్మ ఎక్కడెక్కడికి పోతుందో ఎవరి అదుపులోనూ ఉండదు. అలాగే ఈ పలక అలంకారమే గాని ఆధారపత్రం కాదు. ఆధార్, బడి రికార్డులలో ఉన్న పేరుకు దీనివల్ల మార్పేమీ రాదు. అక్కడ తప్పుంటే సంబంధిత కార్యాలయంలోనే దిద్దించుకోవాలి.

వాట్సాప్‌లో మామూలుగా పంపినప్పుడు జిఫ్ ఫైలు వీడియోగా మారుతుంది. అక్షరాల అంచులు కొద్దిగా మసకబారవచ్చు. ఉన్నది ఉన్నట్లుగా చేరాలంటే ‘డాక్యుమెంట్’గా జతచేసి పంపాలి. బొమ్మగా మారిన అక్షరాలకు ఇక ఫాంటుతో పనిలేదు గనుక, అందుకొన్నవారి ఫోనులో తెలుగు ఫాంటు ఉన్నా లేకపోయినా పేరు చెదరకుండా కనబడుతుంది. అదే విధంగా, అందులో ఒక తప్పు దొర్లితే దానిని అందుకొన్నవారెవరూ దిద్దలేరు.

కనుక పంపే ముందు చివరిగా ఒక పరీక్ష చేయాలి. తెలుగు చదవగలిగిన పెద్దవారు ఒకరికి, పేరేమిటో చెప్పకుండా, పలకను చూపి చదవమనాలి. వారు తడబడకుండా, ఇంట్లో బిడ్డను పిలిచే విధంగానే పలికితే పలక సిద్ధమైనట్లు. ఎక్కడైనా ఆగి సందేహిస్తే, రంగులు ఎంత బాగున్నా సరే, మూడవ మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.